ఆ వాన రోజు టార్పాలిన్ ఎక్కడుంది

ఒక అబద్ధాన్ని ఇన్నేళ్లు మోశాను. మోశాను అనడం కూడా గొప్ప చెప్పుకున్నట్టే ఉంది. బరువు మోసేవాళ్లకు మెడ నొప్పైనా పుడుతుంది. నేను దాన్ని చంటిపిల్లలా చంకనేసుకుని తిరిగాను. ఎవరూ చూడకుండా అన్నం పెట్టి పెంచాను. ఇప్పుడు అది నాకంటే పెద్దదైంది.

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను. తెలిసినవాళ్లకు చెప్పే ధైర్యం ఉంటే ఎప్పుడో చెప్పేదాన్ని కదా? ముందే ఒక మాట. అంతా విన్నాక, అయ్యో పాపం, చదువు లేని మనిషి, భయపడి ఉంటుంది అనకండి. నాకు ఒళ్లు మండుతుంది. నేను భయపడలేదు. భయపడి చేసిన తప్పైతే ఇంత కోపం ఉండేది కాదు.

మాది కోరుట్ల పక్క ఊరు. మాకు సెంటు భూమి లేదు. మా అమ్మకూ లేదు, మా అమ్మమ్మకూ లేదు. ఒకరి చేలో పసుపు తవ్వడం, ఒకరి కల్లంలో పసుపు ఆరబెట్టడం, ఇదే మా బతుకు. ఐదో తరగతి దాకా చదివాను. కానీ విన్నదీ చూసిందీ మరచిపోను. వాడకట్టు పిల్లలంతా కథల కోసం మా అరుగు మీదికే వచ్చేవాళ్లు. ఆదివారం చర్చిలో సాక్ష్యం చెప్పడానికి నేను లేచి నిలబడితే చంటిపిల్లలు కూడా ఏడుపు ఆపేవాళ్లు. జ్వరం తగ్గిన సాక్ష్యం చెప్పాను, పాము కాటు తప్పిన సాక్ష్యం చెప్పాను, తాగుడు మానిన మా ఆయన సాక్ష్యం ఆయన బదులు నేనే చెప్పాను. ఇదొక్కటి చెప్పలేదు.

సుధాకర్ నా చెల్లెలు సుగుణ కొడుకు. సుగుణను రుద్రంగికి ఇచ్చాం. వాడు చిన్నగా ఉన్నప్పుడు, పసుపు ఉడకబెట్టే చోట కడాయిలోంచి మసిలే నీళ్లు చిందాయి. సుగుణ మోచేయి నుంచి మణికట్టు దాకా తోలు ఊడిపోయింది. ఇప్పటికీ ఆ చెయ్యి మడత పెట్టిన కాగితంలా ఉంటుంది. అప్పుడు వాడు నన్నొక మాట అడిగాడు. "పెద్దమ్మా, గన్ని నీళ్లెందుకు పొయ్యాలె? ఆవిరితోటి ఉడకదా?" నేను నవ్వి, వాడి చేతిలో కాల్చిన కందగడ్డ పెట్టాను. వాడు ఆ మాట వదల్లేదు. జగిత్యాలలో వ్యవసాయ కాలేజీ చదివాడు. హైదరాబాద్ పోయి, విశ్వవిద్యాలయంలో అదే మాట మీద ఏళ్ల తరబడి పనిచేశాడు. చివరికి ఆవిరితో పసుపు ఉడికించే డ్రమ్ము ఒకటి కాగితం మీద తయారైంది.

కాగితం మీది డ్రమ్ములో పసుపు ఉడకదు కదా. దానికీ ఒక దారి ఉందట. విశ్వవిద్యాలయంలో చేసిన పరిశోధన పుస్తకాల్లో పడి ఉండకుండా, నలుగురూ కొనుక్కునే వస్తువు కావడానికి ఒక ఆఫీసు డబ్బులిస్తుందట. తోడుగా ఒక అనుభవం ఉన్న పెద్దమనిషిని కూడా ఇస్తుందట. ఆయన్ని మెంటర్ అంటారని సుధాకర్ చెప్పాడు. నేను మెంటారు సారు అనేదాన్ని. వాడు పడీ పడీ నవ్వేవాడు.

మొదటి విడత డబ్బుతో సిరిసిల్లలో డ్రమ్ము చేయించాడు. అద్దకం బాయిలర్లు బాగుచేసే ఫిట్టర్ ఒకాయన దాన్ని కొట్టి అతికాడు. "చీరెలకు రంగెక్కిచ్చే ఆవిరితోటి కూరలకు రంగెక్కిస్తవా సారూ? మా ఆడోళ్లకు ఒక చీరె గూడ దాంట్లనే ఉడకబెట్టియ్యి" అన్నాడట. వాడా మాట చెబుతూ మా వాకిట్లో లారీ మీంచి డ్రమ్ము దింపిన రోజు నాకు ఇప్పుడు చూస్తున్నట్టే ఉంది. సుగుణ దాని చుట్టూ తిరిగింది. కాలిన చేత్తోనే దాన్ని తడిమింది.

రెండో విడత రావాలంటే ఒక పరీక్ష ఉంది. ఒకే చేలోని పసుపు సగం కడాయిలో, సగం డ్రమ్ములో ఉడికించాలి. ఒకే కల్లంలో పక్కపక్కన ఎండబెట్టాలి. ఎండాక ఆఫీసువాళ్లూ మెంటారు సారూ వచ్చి, కొమ్ములు విరిచి లోపలి రంగు చూస్తారు. బాగుంటే డ్రమ్ములు చేసి అమ్మడానికి డబ్బు వస్తుంది. కోరుట్లలో షెడ్డు పడుతుంది. సుగుణ కూలికి పోవడం మానేస్తుంది. బాగాలేకపోతే అంతే, ఆ తలుపు మూసేస్తారు. దీని కోసం వాడు చేతికొచ్చిన నౌకరీ వదులుకున్నాడు.

కల్లం మా ఊరి పెద్ద ఆసామి పటేలుది. పసుపూ పటేలుదే. ఉడికించి ఎండబెట్టే పని నాది. మెంటారు సారు సుధాకర్‌కు అన్నీ నేర్పించాడు. కొనేవాళ్లతో ఎలా మాట్లాడాలో, తెర మీద బొమ్మలు ఎలా చూపాలో, చొక్కా ఎలా వేసుకోవాలో. కల్లానికి కాపలా ఎవరు అని మాత్రం ఆ చదువుకున్నవాళ్లలో ఒక్కరూ అడగలేదు. డ్రమ్ముకు డబ్బులిచ్చారు. కల్లానికి ఒక టార్పాలిన్ ఇచ్చారు. నీలం రంగుది, కొత్తది, ప్లాస్టిక్ వాసన వేసేది. అది వాడు నా చేతికిచ్చి, "మబ్బు పడితె కప్పు పెద్దమ్మా. పొద్దూకితె మంచుకు కప్పు. గింతే పని" అన్నాడు. మెంటారు సారు తరగతి ఉందని హైదరాబాద్ పోయాడు. అదీ నా కోపమే. కానీ అది నా తప్పును చిన్నది చెయ్యదు. ఆ మూల నుంచి తప్పించుకుందామని చూస్తున్నానేమో, నేనే నన్ను పట్టుకుంటున్నాను.

అవి తెలంగాణ కోసం ఊళ్లకు ఊళ్లు రోడ్డెక్కిన రోజులు. బస్సులు నడిచిన రోజు కంటే ఆగిన రోజే మాకు గుర్తుండేది. మా ఊళ్లో అన్నిటికీ ముందుండేది పటేలే. ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. చెప్పకపోతే మీకేమీ అర్థం కాదు.

అంతకుముందు పటేలు నన్ను "ఏమే" అనేవాడు. ఆయన కొడుకులూ "ఏమే" అనేవాళ్లు, నాకంటే ఎంత చిన్నవాళ్లైనా. వాళ్లింట్లో నాకు నీళ్లు పైనుంచి పోసేవాళ్లు. ఉద్యమం వచ్చాక ఆయన నోట ఒకరోజు "అక్కా" వచ్చింది. నా వెనక ఇంకెవరైనా ఉన్నారేమోనని తిరిగి చూశాను. నన్నే. ఆ ఒక్క మాటకు నేను కరిగిపోయాను. ఇప్పుడు తలచుకుంటే పళ్లు కొరుక్కుంటాను. ఒక్క మాటకు అమ్ముడుపోతానా? అమ్ముడుపోయాను. ఎన్ని తరాల ఆకలి అది, దాని గురించి నాకు మాత్రం ఏం తెలుసు.

వంటా వార్పూ అని పెట్టారు. పెద్ద రోడ్డు మీద పొయ్యిలు పెట్టి వండుకుని, అక్కడే తిని, బండ్లు కదలకుండా చెయ్యడం. నన్ను వండమన్నారు. నన్ను! మా చేతి అన్నం ముట్టని ఇళ్లవాళ్లంతా తినడానికి వస్తారట. ఎండలు మండిపోతున్న రోజులు. పొద్దున్నే పొయ్యి రాళ్లు పెడుతుంటే పటేలు వచ్చాడు.

"నీడ లేకపాయె అక్కా. ముసలోళ్లు మాడుతరు. ఏం చేద్దామంటవు?"

"మీ తాన టార్పాలిన్లు మస్తున్నయి గదా పటేలా?"

"అవి పసుపు మీద కప్పిచ్చిన. మబ్బు తీరుగ కొడుతున్నది పొద్దుగాల నుంచి."

నా మాట జాగ్రత్తగా వినండి. ఆయన నన్ను అడగలేదు. నేనే అన్నాను, "నా తాన ఒకటున్నది, కొత్తది" అని. నేనే ఉరికాను. కల్లంలో ఆయన పసుపు కుప్ప మీద, దాన్ని ఆనుకుని ఉన్న కడాయి సగం మీద కూడా ఆయన టార్పాలిన్లు పరిచి, అంచుల మీద రాళ్లు పెట్టి ఉన్నాయి. ఆ పక్కనే సుధాకర్ పసుపు, డ్రమ్ములో ఉడికింది, బంగారంలా. దాని పక్కన మడిచిపెట్టిన నీలం టార్పాలిన్‌ను చంకలో పెట్టుకుని వచ్చాను. మబ్బు ఉంటుందని ఆయన చెబితే విన్నాను, విని కూడా తెచ్చాను. ఇంకా ఏం కావాలి మీకు?

నాలుగు వెదురు బొంగులకు కట్టారు. దాని కింద వండాను. పప్పుచారు, వంకాయ కూర. నా చేతి గంటె కిందికి అందరూ విస్తళ్లు చాపారు. ఒక ముసలమ్మ, జన్మలో నా నీడ తగలనియ్యనిది, "ఇంకింత పొయ్యి బిడ్డా" అంది. ఎవరో డప్పు కొట్టారు. పిల్లలు కథ చెప్పమంటే రోడ్డు మధ్యలో నిలబడి కథ చెప్పాను. అంతా నవ్వారు. ఆగిపోయిన లారీ డ్రైవర్లు కూడా దిగివచ్చి తిన్నారు. నా జీవితంలో అంత మంచి రోజు అంతకుముందు లేదు. తరవాతా లేదు. ఇది కూడా నిజమే. దీన్ని అబద్ధం చెయ్యలేను.

అప్పుడు మబ్బు వచ్చింది. కల్లం వైపు నుంచే వచ్చింది. నేను చూశాను. గాలి చల్లగా తగిలింది, మట్టి వాసన వచ్చింది. నా చేతిలో గంటె ఉంది. కల్లం ఎంత దూరమని, పొయ్యి దగ్గర ఒక మనిషిని పెట్టి ఉరికితే సగమైనా దక్కేది. గోనె సంచులు కప్పినా దక్కేది. ఉరకలేదు. వాన దబదబా పడింది. అందరూ నీలం టార్పాలిన్ కిందికి దూరారు. పటేలు నా భుజానికి భుజం తగిలేలా నిలబడి, "చూడుండ్రి, అక్క తెచ్చింది కాబట్టి తడువకుంట తింటున్నం" అని అందరికీ వినపడేలా అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నేను నవ్వాను. పసుపు తడుస్తోందని నాకు తెలుసు. తెలిసీ నవ్వాను.

ఆ సాయంత్రమే సుధాకర్ ఫోన్ చేశాడు. "వాన పడ్డదా పెద్దమ్మా అక్కడ?" గొంతులో కంగారు. "నాలుగు చినుకులు రాలినయి కొడుకా. కప్పిన" అన్నాను. అప్పుడు చెప్పి ఉంటే ఏమయ్యేది? ఏమీ అయ్యేది కాదు. చేలో తవ్వని పసుపు ఇంకా ఉంది. పరీక్ష ముందుకు జరిపి మళ్లీ ఉడికించుకునేవాళ్లు. వాడు నన్ను తిట్టేవాడు కూడా కాదు. కానీ ఆ రోజు నా చప్పట్లు ఆగిపోయేవి. పిల్లవాడి పసుపు తడిపి తెచ్చిన నీడ అది అని అందరికీ తెలిసేది. పటేలుకు మాట వచ్చేది. మాట వస్తే "అక్కా" ఉంటుందా?

బస్సులు లేక వాడు వెంటనే రాలేకపోయాడు. ఆ సందులో నేను పసుపును గుడ్డతో తుడిచాను, తిప్పాను, ఎండలో పలచగా పరిచాను. పైకి ఎండినట్టే కనబడింది.

ఆఫీసువాళ్లు వచ్చారు. మెంటారు సారు నెరిసిన జుట్టు మనిషి, ఒకప్పుడు పెద్ద కంపెనీలో యంత్రాలు చేయించినవాడట. గొంతుక్కూర్చుని కడాయి పసుపు ఒక కొమ్ము విరిచాడు. టక్కున విరిగింది, లోపల ఒకే రంగు. డ్రమ్ము పసుపు విరిచాడు. మెత్తగా విరిగింది. లోపల ఒక పక్క పచ్చగా, ఒక పక్క మాసిన గుడ్డలా ఉంది. ఇంకొకటి విరిచాడు. ఇంకొకటి. సుధాకర్ ముఖం చూడలేక నేను నేల చూశాను. సారు లేచి అందరినీ దాటుకుని నా దగ్గరికి వచ్చాడు. ఆయన ఒక్కడికే అనుమానం వచ్చింది.

"అమ్మా, నిజం చెప్పండి. మిమ్మల్ని ఎవరూ ఏమీ అనరు. ఈ పసుపు తడిసిందా? తడిస్తే మళ్లీ చేద్దాం. నేనే వాళ్లతో మాట్లాడతాను."

ఇంత తెరిచి పెట్టాడు తలుపు. ఇంతకంటే ఎవరు తెరుస్తారు?

"తడువలే సార్," అన్నాను. "టార్పాలిన్ కప్పిన. నేనే కప్పిన."

సారు నన్నే చూస్తున్నాడు. అప్పుడు పటేలు ముందుకు వచ్చాడు. ఆయనకు తెలుసు. టార్పాలిన్ ఎక్కడుందో ఆయనకు తెలియక ఇంకెవరికి తెలుసు?

"మా అక్క అబద్ధమాడది సార్. ఉద్యమంల మా ఊరందరికి అన్నం బెట్టిన తల్లి."

ఆ పైన నా సుధాకర్ అన్న మాట. ఆ మాటే నన్ను ఇప్పటికీ కోస్తోంది.

"మా పెద్దమ్మ కండ్లల్ల ఒత్తులేసుకొని సూసింది సార్. ఆమెను అడగకుండ్రి. తప్పుంటె నాదే. ఆవిరి అంతట సమంగ అందలేదేమో."

సారు నిట్టూర్చి, ఆవిరి అందలేదని రాసుకుపోయాడు. రెండో విడత రాలేదు. తలుపు మూశారు. సుధాకర్ రెండు సీజన్ల పాటు అప్పులు చేసి ఆ డ్రమ్ముకు చిల్లులు మార్చాడు, గొట్టాలు మార్చాడు. లేని తప్పును వెతికాడు. మీకు తెలుసా, లేని తప్పును వెతికే మనిషి ముఖం ఎలా ఉంటుందో? నేను వాడికి అన్నం వడ్డిస్తూ చూశాను. బాగున్న గొట్టాన్ని కోసి, బాగాలేని గొట్టం వేశాడు. సిరిసిల్ల ఫిట్టర్ కూడా విసుగెత్తి, "సారూ, ఇగ దీన్ని ఇడిశిపెట్టు" అన్నాడు. విడిచిపెట్టాడు. జగిత్యాలలో ఎరువుల కంపెనీకి తిరిగే పనిలో చేరాడు. డ్రమ్ము మా ఇంటి వెనకే ఉంది. కోళ్లు గుడ్లు పెడతాయి.

తెలంగాణ వచ్చింది. ఆ రోజు నన్ను వేదిక ఎక్కించి శాలువా కప్పారు. పటేలు పెద్ద నాయకుడయ్యాడు, కారు వచ్చింది, వెనక మనుషులు వచ్చారు. కొన్నాళ్లకు ఆయన కల్లంలో కూలికి పోయాను. ఆయన కారు దిగుతూ నన్ను చూశాడు.

"ఏమే, ఇంక కుప్ప జేయలే?" అన్నాడు.

దీని కోసమా? ఈ "ఏమే" మళ్లీ వినడానికా నా చెల్లెలి కొడుకును ముంచింది? ఆ రోజు ఇంటికి వచ్చి శాలువాను పొయ్యిలో పెట్టాను. కాలుతుంటే కంపు కొట్టింది. కోపం ఆయన మీద అనుకున్నాను చాలా రోజులు. ఆయన మీదా ఉంది, అది తీరేది కాదు. కానీ ఆయన "అక్కా" అన్నప్పుడు ఒక టార్పాలిన్ పోయింది, అంతే. సారు అడిగినప్పుడు పిల్లవాడి బతుకు పోయింది, అది నా నోటి నుంచి. ఆ నోరు పటేలుది కాదు.

తరవాత ఎక్కడి నుంచో ఆవిరి డ్రమ్ములు వచ్చాయి, ఏదో కంపెనీవి. పటేలు కూడా ఒకటి కొన్నాడు. ఒకసారి సుధాకర్ మా ఇంటికి వచ్చి, ఆ కల్లం దగ్గర ఆగి చాలాసేపు చూసి వచ్చాడు. అన్నంలో వేళ్లు పెట్టి అన్నాడు, "నాదాన్లెక్కనే ఉన్నది పెద్దమ్మా. గొట్టాలు సుత గట్లనే ఉన్నయి. మరి నాది ఎక్కడ తప్పిందో ఇప్పటికీ తెలుస్తలేదు." నేను కూర వేశాను. "తిను కొడుకా, చల్లారుతది" అన్నాను. అదీ నేను.

ఇన్నేళ్లు దాచినదాన్ని ఇప్పుడెందుకు చెబుతున్నాను? మొన్న వాళ్లింటికి పోతే సుధాకర్ బిడ్డ కోరుట్ల బడిలో ప్రదర్శనకు ఏదో బొమ్మ చేసుకుంటోంది. నీళ్ల చక్రం. అది సరిగా తిరగడం లేదు. "డాడీ, జర నువ్వు జేసియ్యి" అంది. వాడు చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. నవ్వుతూనే అన్నాడు. "నా చెయ్యి మంచిది గాదు బిడ్డా. నేను ముట్టుకుంటె పాడైతది."

ఆ పిల్ల తండ్రి చేతులను చూసింది. అప్పుడే ఏదో జబ్బు ఉందని తెలిసినట్టు చూసింది. ఆ చూపు ఆ ఇంట్లో ఇంకో తరానికి పోతోందని నాకు అర్థమైంది. ఆ చేతికి ఏ జబ్బూ లేదు. ఆ చెయ్యి చేసిన డ్రమ్ములో ఆవిరి అంతటా సమంగానే అందింది. ఆ సంగతి తెలిసినవాళ్లం భూమి మీద ఇద్దరమే ఉన్నాం. ఒకడు కారులో తిరుగుతున్నాడు. ఇంకొకతె నేను.

ఆదివారం చర్చిలో లేచాను. చెబుదామనే లేచాను. రుద్రంగి నుంచి వచ్చిన సుగుణ ముందు వరుసలో ఉంది, కాలిన చెయ్యి ఒళ్లో పెట్టుకుని. నోరు తెరిచాను. మేక ఈనిన సాక్ష్యం చెప్పి కూర్చున్నాను. అందరూ స్తోత్రం అన్నారు. నా మీద నాకు ఉమ్మెయ్యాలనిపించింది. ఇంటికొచ్చి ఇది రాయడం మొదలుపెట్టాను. ముఖం ఎరుగని మీకు చెబుతున్నాను, వాడికి చెప్పాల్సింది. ఇది కూడా పిరికితనమేనా? అయి ఉండొచ్చు. కానీ రాసిన కాగితాన్ని మేక సాక్ష్యంగా మార్చలేను కదా. వాడు వచ్చినప్పుడు ఈ కాగితం వాడి ముందు పెడతాను. ఆ తరవాత వాడు నా చేతి అన్నం తినకపోయినా, ఈ గడప తొక్కకపోయినా అది వాడి ఇష్టం. క్షమించమని అడగను. ఆ మాట అడిగే హక్కును ఆ వాన కిందే పోగొట్టుకున్నాను.

ఆ టార్పాలిన్ ఇంకా నా దగ్గరే ఉంది. రంగు పోయింది, అంచులు చినిగాయి. అటక మీద ఉంది. ఇన్నేళ్లలో దాన్ని దేని మీదా కప్పలేదు. ఇప్పుడే దించాను. వాకిట్లో పరిచాను. దాని పక్కనే కూర్చుని, ఆ సారు అడిగినదానికి జవాబు రాస్తున్నాను.

తడిసింది సార్. టార్పాలిన్ నేనే తీస్కపోయిన. పిలగాని తప్పేం లేదు. తడిసింది.